పుట్టింటి పేరుతో కురిసిన వాన

ఎర్రబోడుపల్లికి బస్సు తెప్పించింది శ్రీరంగప్ప. బడికి రెండో గది కట్టించింది శ్రీరంగప్ప. కరెంటు తీగ ఊరి మొదట్లోనే ఆగిపోతే, స్తంభాల లారీకి అడ్డంగా కూర్చుని, చివరి గుడిసె దాకా దాన్ని లాగించిందీ శ్రీరంగప్పే. చదివింది మాత్రం ఆ ఊరి బడిలోనే, ఐదో తరగతి వరకు. ఇవేవీ ఊళ్లో ఎవరూ కాదనరు. కాదనడానికి సందు కూడా దొరకదు. ఎవరైనా నోరు తెరిచేలోపే ఆయనే బస్సు దగ్గర్నుంచి మొదలుపెట్టి కరెంటు దాకా వచ్చేస్తాడు.

అయితే వాటన్నింటికంటే పెద్ద పని ఇంకొకటి చేశాడాయన. అది రెండు వేల ఏడు ప్రాంతం. పాస్‌వర్డు అనే మాట గోరంట్లలోనే సగం మందికి నోరు తిరగని కాలం. ఆ రోజుల్లో ఒక వెబ్‌సైటుకు ఎలాంటి తలుపు ఉండాలో, దానికి ఎలాంటి తాళం వేయాలో తేల్చినవాడు ఈ ఐదో తరగతి మనిషి. ఆ సంగతి ఆయన అంతగా చెప్పుకోడు. చెబితే మరదలు బయమ్మ పేరు కూడా చెప్పాల్సి వస్తుంది మరి.

అసలు వెబ్‌సైటు గొడవ ఎందుకు వచ్చిందంటే, వాన వల్ల. పడని వాన వల్ల.

అంతకు ముందటేడు వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే సమయంలో గోరంట్ల మీద ఒక మబ్బు విరిగిపడింది. ఊరి వీధులు కాలవలయ్యాయి. ఆ మబ్బు గుట్ట దాటి ఇవతలికి రాలేదు. ఎర్రబోడుపల్లిలో గాలి మాత్రం చల్లగా వీచింది, అంతే. చేను చేనంతా నిలువునా మాడింది. పంటకు బీమా ఉంది. కానీ బీమా కంపెనీకి వాన లెక్క వచ్చేది గోరంట్ల మండలాఫీసు దగ్గరున్న వానకొలత డబ్బా నుంచి. ఆ డబ్బా నిండింది. కాబట్టి కంపెనీ దృష్టిలో ఎర్రబోడుపల్లిలో కూడా వాన పడింది!

శ్రీరంగప్పకు నష్టం కంటే ఆ మాటకే ఎక్కువ మండింది. పడని వానను పడిందన్నారు. తన కళ్ల ముందు ఎండిన చేనును పచ్చగా ఉందన్నట్టు రాశారు. చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, వాన లెక్కల సంఘం పెట్టించి, తనే అధ్యక్షుడయ్యాడు. ఊరికొక వానకొలత డబ్బా, దానికొక మనిషి. రోజూ పొద్దున డబ్బాలో నీళ్లు కొలిచి రాయాలి. ఎర్రబోడుపల్లి డబ్బా తనదే. గుట్ట కింద ఊరి డబ్బా ఆయన భార్య గంగక్క చెల్లెలు బయమ్మది. పక్క ఊరిది ఎర్రిస్వామిది.

బీమా కంపెనీ ఆఫీసరు వచ్చి డబ్బాలు చూశాడు. మెచ్చుకున్నాడు కూడా. మెచ్చుకుంటూనే ఒక మాటన్నాడు.

"పెద్దాయనా, డబ్బాలు బాగున్నాయి. కానీ ఈ అంకె వేసింది మీరే అని నాకెలా తెలుస్తుంది? కాగితం మీద ఎవరైనా ఏదైనా రాస్తారు. కంప్యూటర్లో పెట్టించండి. ఎవరి ఊరి లెక్క వాళ్లే వేయాలి, ఇంకొకరు వేయాలన్నా కుదరకూడదు. అలా ఉందని నాకు నమ్మకం కుదిరితే, వచ్చే పంటకు మీ డబ్బాల లెక్కే తీసుకోమని రాస్తాను. విత్తనాలు పడేలోపు వచ్చి చూస్తాను."

ఆ పూట నుంచి శ్రీరంగప్పకు అదే ధ్యాస. ఎవరి ఊరి లెక్క వాళ్లే వేయాలి. ఇంకొకరికి కుదరకూడదు.

* * *

అనంతపురంలో ఒక జెరాక్సు అంగడి మీద గదిలో భారతి కంప్యూటర్ల పని చేసేది. రాప్తాడు పిల్ల. కంప్యూటరు చదువు పూర్తిచేసి, బెంగళూరు పోకుండా ఇక్కడే బోర్డు కట్టుకుంది. సంఘం వెబ్‌సైటు పని ఆమెకే ఇచ్చారు. ఆ చలికాలమంతా కూర్చుని ఊళ్ల పటం, వాన లెక్కల గళ్లు, అన్నీ తెలుగులో కనబడేటట్టు చేసింది. లోపలికి పోయే తలుపు కూడా సొంతంగా తనే రాసుకుంది. అదంటే ఆమెకు చాలా గర్వం. చూపించడానికి శ్రీరంగప్పను పిలిపించింది.

"ఇదిగో పెదనాయనా, ఇది లాగిన్. ఈ గడిలో మీ పేరు, ఈ గడిలో పాస్‌వర్డు. రెండూ సరిపోతేనే లోపలికి పోతారు."

"పాస్‌వర్డంటే?"

"మీకొక్కరికే తెలిసిన మాట. ఇంగెవురికీ చెప్పగూడదు."

"మా ఇంట్లోదానికి?"

"ఆ యమ్మకూ చెప్పగూడదు."

"అది కష్టమే పాపా. ఊరికి బస్సు తెప్పించినోడ్ని, కరెంటు లాగించినోడ్ని, ఆ మనిషికి తెలీకుండా ఒక్క బీడీ తాగలేకపోయినా." కాసేపు తెర వైపు చూశాడు. "సరే, వయసు మీద పడతాంది. ఆ మాట మర్చిపోతే?"

"నాకు ఫోన్ కొట్టండి. చూసి చెప్తా."

శ్రీరంగప్పకు ప్రాణానికి హాయిగా అనిపించింది. ఎంత మంచి పిల్ల! ఆమె పోసిన టీ తాగి, బస్టాండుకు వెళ్లి, కిటికీ పక్క సీటులో కూర్చున్నాడు. బస్సు ఊరు దాటింది. చల్లగాలికి కళ్లు మూతపడుతున్నాయి. మూతపడుతున్న కళ్ల ముందు తన బడి రెండో గది కనిపించింది. దాని తలుపూ, ఆ తలుపుకు తను కొన్న తాళమూ కనిపించాయి.

ఆ తాళం కొన్నప్పుడు అంగడాయన అన్నాడు: "చెవి పోతే దిగులు పడొద్దప్పా, దీని జత చెవి ఇంకొకటి నాకాడుంటాది." ఆ మాట వినగానే శ్రీరంగప్ప తాళం తిరిగి ఇచ్చేసి, వేరే అంగడికి పోయాడు. పిల్లల పలకలుండే గది. ఊరి సొత్తు. దాని చెవి ఇంకొకరి గల్లాపెట్టెలో ఎందుకుండాలి?

"చూసి చెప్తా" అంది భారతి. ఎక్కడ చూస్తుంది?

రాప్తాడులో బస్సు ఆగగానే దిగేశాడు. గోరంట్లకు టికెట్టు తీసుకుని రాప్తాడులోనే దిగిపోతున్న మనిషిని కండక్టరు వింతగా చూశాడు. శ్రీరంగప్ప రోడ్డు దాటి, అవతలి వైపు వచ్చిన మొదటి బస్సెక్కి, మళ్లీ అనంతపురంలో తేలాడు.

"ఏం పెదనాయనా, గొడుగు మర్చిపోతిరా?" అంది భారతి.

"చూసి చెప్తా అంటివి గదా పాపా. యాడ చూస్తావు?"

ఆమె నవ్వి, ఇంకో తెర తీసింది. ఒక వరసలో సంఘంలోని పేర్లు. పక్క వరసలో ఒక్కొక్కరికి ప్రస్తుతానికి తను పెట్టిన పాస్‌వర్డు, బట్టబయలుగా.

"అంటే ఈడ కూర్చునేటోళ్లు ఎవురైనా చూడొచ్చు."

"ఈడ కూర్చునేది నేనే గదా." భారతి నవ్వు కొంచెం తగ్గింది. "నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద శానా ఉండాది. నీ కుర్చీ మీద లేదు. రేపు ఆ కుర్చీలో ఎవురు కూర్చుంటారో నాకేం తెలుసు, నీకేం తెలుసు? ఆ ఆఫీసరు అడిగేది గూడా ఇదే. ఈ పిల్ల తలుచుకుంటే మీ ఊర్లో వాన కురిపిస్తాది గదా, అంటాడు. ఏం చెప్తాం?"

భారతి ఆ తెర మూసింది, మళ్లీ తీసింది. చలికాలమంతా కూర్చుని రాసుకున్న పని. తన పనిని తనే తక్కువ చేసి చెప్పడం ఎవరికైనా కష్టమే. ఆ సంగతి శ్రీరంగప్పకంటే బాగా తెలిసినవాళ్లు ఆ తాలూకాలో లేరు. అందుకని ఆయన కూడా తొందరపెట్టలేదు. గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకొకటుండాది," అంది చివరికి. "నేను చేసింది కాదు. ఊరికే దొరుకుతాది. దేశదేశాల్లో వాడతాండారు. యాడన్నా ఒక సందు కనబడితే దాచిపెట్టకుండా అందరికీ చెప్పి, అందరూ కలిసి బాగుచేసుకుంటారు. అట్ల ఏండ్ల నుంచి నలిగి నలిగి గట్టిపడింది. నేనొక్కదాన్ని ఒక చలికాలంలో అంత గట్టిగా చెయ్యలేను."

"దాంట్లో మా మాటలు నీకు కనబడవా?"

"కనబడవు. మీరు మాట రాస్తానే అది పిండి చేసేస్తాది. రాగులు విసిరినట్ల. దాచుకునేది ఆ పిండినే, గింజల్ని కాదు. మళ్లా మీరొచ్చి మాట రాస్తే, దాన్ని గూడా విసిరి, ఈ పిండీ ఆ పిండీ ఒకటేనా అని చూస్తాది. ఒకటే అయితే తలుపు తీస్తాది."

"పిండిని మళ్లా రాగులు చేసేకి కాదు."

"నా వల్ల కాదు, ఎవురి వల్లా కాదు."

"అట్లయితే మర్చిపోతే నువ్వు చెప్పలేవు."

"చెప్పలేను పెదనాయనా."

"అదే కావాల మనకు," అన్నాడు శ్రీరంగప్ప లేచి నిలబడుతూ. ఆమె ముఖం చూసి మళ్లీ కూర్చున్నాడు. "పాపా, ఇల్లు నువ్వే కట్టినావు. ఆ పటం నీది, ఆ గళ్లు నీవి, తెలుగక్షరాలు నీవి. బడికి గది కట్టించింది నేనే, కాదనేటోడు లేడు. తాళం మాత్రం నేను చేసింది కాదు. కొనుక్కొచ్చినా. గది నాది కాకుండా పోయిందా?"

ఆ మాటకు భారతి నవ్వింది. అంతకుముందు నవ్విన నవ్వు కాదిది, కొంచెం తేలికపడిన నవ్వు.

* * *

తలుపు మారింది. సంఘం వాళ్లందరినీ గోరంట్లలో జోయల్ ఇంటర్నెట్ సెంటరుకు పిలిపించి, భారతి ఒక్కొక్కరి చేత పాస్‌వర్డు పెట్టించింది. వారం వారం సంతకు వచ్చినప్పుడు ఆ వారం లెక్క అక్కడే ఎక్కించుకోవాలి. అంతా సవ్యంగా సాగుతుండగా మర్చిపోయేవాళ్ల సంగతి మళ్లీ వచ్చింది.

"మామూలుగా అయితే ఈమెయిలుకు పంపిస్తాది," అంది భారతి. "మీలో ఈమెయిలు ఎవురికుండాది?"

ఎవరికీ లేదు.

"అట్లయితే ఇంకో దారి. ఒక ప్రశ్న పెట్టుకుందాం. మర్చిపోయినప్పుడు అదడుగుతాది. మీరు సరిగ్గా జవాబు రాస్తే కొత్త పాస్‌వర్డు పెట్టుకోనిస్తాది. మీరు మొదట చదివిన బడి ఏది, అనే ప్రశ్న ఉంది..."

"ఊరికుండేది ఒగే బడి," అన్నాడు ఎర్రిస్వామి. "అన్న ఊరిదైతే అన్నే కట్టించినాడు. సగం."

"మీ కుక్క పేరు?"

"మా కుక్కకు పేరెందుకు మేడం? థూ అంటే వస్తాది."

అందరూ నవ్వుతుంటే భారతి జాబితాలో తర్వాతి ప్రశ్న చదివింది. మీ అమ్మ పుట్టింటి పేరు ఏమిటి?

శ్రీరంగప్ప తొడ మీద చరిచాడు. "ఇదీ ప్రశ్నంటే! పాస్‌వర్డు మర్చిపోతాం, కుక్క పేరు మర్చిపోతాం. అమ్మ పుట్టింటి పేరు మర్చిపోయే కొడుకు పుట్టినాడా? అందరికీ ఇదే పెట్టు పాపా."

అధ్యక్షుడు అన్నాక ఇంక ఎదురు లేదు. అందరూ అదే పెట్టుకున్నారు. వెనక బెంచీ మీద కూర్చున్న బయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి, ఒక్క మాటా అనలేదు. బయమ్మ మాట్లాడకపోవడం ఎంత అనుమానించాల్సిన సంగతో శ్రీరంగప్పకు ఆ రోజు తట్టలేదు.

* * *

ఆఫీసరు ఎల్లుండి వస్తానని కబురు పెట్టాడు. ఎండలు మండిపోతున్నాయి. ఆకాశం ఇస్త్రీ చేసినట్టుంది. శ్రీరంగప్ప అన్నీ ఒకసారి సరిచూసుకుందామని గోరంట్లకు బయలుదేరాడు. సెంటరు మెట్లెక్కుతుండగానే లోపల్నుంచి ఎర్రిస్వామి గొంతు.

"రాన్నా, రా! మీ ఊరి చెరువు నిండి మరవ పారిందంట గదా? చేపలు పట్టుకున్నోళ్లు పట్టుకున్నంతంట. మాకో పుంజీడు పంపగూడదా?"

"ఏం చెరువప్పా? ఏం చేపలు?"

"చూడు మరి!"

తెర మీద ఊళ్ల వరస. అన్ని ఊళ్లకీ ఎదురుగా సున్నా, సున్నా, సున్నా. ఎర్రబోడుపల్లి ఎదురుగా నూటపది మిల్లీమీటర్లు. ఆ గడి నీలంగా మెరిసిపోతోంది. పెద్ద వానకు అట్లా నీలం రంగు వచ్చేటట్టు భారతే చేసింది.

శ్రీరంగప్ప కుర్చీ లాక్కుని తన పాస్‌వర్డు కొట్టాడు. తలుపు తెరుచుకోలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మళ్లీ కొట్టాడు. తెరుచుకోలేదు. తన తలుపే తనను తెలియదంటోంది.

ఎల్లుండి ఆఫీసరు ఇది చూస్తే? ఎండాకాలం నడిమధ్యలో నూటపది వాన, అదీ సంఘం అధ్యక్షుడి ఊళ్లో! ఇంక ఈ డబ్బాల లెక్క ఏ కంపెనీ అయినా నమ్ముతుందా? మళ్లీ గోరంట్ల మబ్బు గోరంట్ల మీద కురుస్తుంది, ఎర్రబోడుపల్లి చేను పచ్చగా ఉందని రాసుకుంటారు. ఈసారి తప్పు కంపెనీది కూడా కాదు.

జోయల్ ఫోన్ కలిపిస్తే భారతి అక్కడ తన కంప్యూటర్లో చూసి చెప్పింది. "పెదనాయనా, తలుపు పగలగొట్టింది ఎవురూ లేరు. మర్చిపోయినోళ్ల దారిలో వచ్చి, ప్రశ్నకు మొదటిసారే సరైన జవాబు రాసి, కొత్త పాస్‌వర్డు పెట్టుకున్నారు. నిన్న సాయంత్రం. ఆ సెంటరు నుంచే."

శ్రీరంగప్ప జోయల్ వైపు తిరిగాడు.

"నిన్న సాయంత్రమా?" జోయల్ తల గోక్కున్నాడు. "బయమ్మక్క వచ్చింది గదన్నా. ఒక్కతే నవ్వుకుంటా టైపు చేసుకుంటాంటే, ఏందక్కా అంటి. మా బావ ఊరికి వాన తెస్తాండా, గమ్మునుండు అనింది. నేను మొక్కుబడేమో అనుకున్యా."

ఆ రోజు సంత. బయమ్మను వెతకాల్సిన పని కూడా పడలేదు. చంకలో చింతచిగురు మూటతో ఆమే మెట్లెక్కి వచ్చింది.

"బావా! వాన బాగా పడిందా?"

"నువ్వా మే!"

"నేను కాకపోతే ఇంగెవురు? మా అక్క బోరింగు కాడ కడవలు మోసి మోసి నడుం పడిపోయింది. బస్సు తెస్తివి, కరెంటు తెస్తివి, ఒక వాన తేలేకపోతివి. అందుకే నేను తెచ్చినా."

"నా పాస్‌వర్డు నీకెవురు చెప్పినారు?"

"నీ పాస్‌వర్డు నాకెందుకు? మర్చిపోయినా అని ఒత్తితే, మీ అమ్మ పుట్టింటి పేరేంది అనడిగింది. మీ అమ్మ నాకెవురు? సొంత మేనత్త. మా మేనత్త పుట్టిల్లేదో నాకు తెలీదా? నేను పుట్టిన ఇల్లే గదా అది! మామిళ్ల అని రాస్తి. రారా తల్లీ అని తలుపు తీసింది."

సెంటరంతా ఘొల్లుమంది. ఎర్రిస్వామి నవ్వలేక గోడ పట్టుకున్నాడు. శ్రీరంగప్ప తన మేనమామ కూతురు గంగక్కను చేసుకున్నాడు. అమ్మదీ మామిళ్ల ఇల్లే, భార్యదీ మామిళ్ల ఇల్లే, ఎదురుగా నిలబడి నవ్వుతున్న ఈ మరదలిదీ మామిళ్ల ఇల్లే. తన గుమ్మానికి తాళం వేసి, చెవిని అత్తవారింటి వసారాలో వేలాడదీసి వచ్చాడు.

అప్పుడు ఇంకొక ఆలోచన వచ్చి, ఎర్రిస్వామి వైపు తిరిగాడు. "రేయ్, మీ అమ్మది ఏ ఇల్లు?"

ఎర్రిస్వామి నవ్వు సగంలో ఆగింది. "మా అమ్మది గూడా... మామిళ్లేన్నా. మీ అమ్మకు దాయాదే గదా."

ఈ ఊళ్లవాళ్లు ఆ ఊళ్లకు, ఆ ఊళ్లవాళ్లు ఈ ఊళ్లకు తరతరాలుగా పిల్లల్ని ఇచ్చిపుచ్చుకుంటున్నారు. ఎవరి తల్లి ఏ ఇంటి ఆడపడుచో ప్రతి పెళ్లిలో, ప్రతి చావులో, ప్రతి తగువులో పదిసార్లు చెప్పుకుంటారు. దేశదేశాల్లో రహస్యంగా చెల్లే మాట ఇక్కడ రచ్చబండ మీద నడిచే మాట. సంఘంలో సగం తలుపులకు ఒకే చెవి!

శ్రీరంగప్ప బెంచీ మీద కూలబడ్డాడు. జోయల్ ఇచ్చిన చెంబెడు నీళ్లూ తాగేశాడు. గుండె నెమ్మదించాక గానీ తెలియలేదు, తన మనసులో ఉన్నది కోపం కాదని. ఒంటి మీది బరువు దించినట్టుంది.

"మే బయమ్మా, నిన్ను కొట్టల్లనుండాది. నీ కాళ్లకు మొక్కల్లనుండాది."

"కాళ్లకు మొక్కు. అక్క చూస్తే బాగుంటాది."

"నువ్వు కాబట్టి వాన కురిపించినావు. ఇంగెవుడన్నా అయింటే ఊడలు దిగేటప్పుడు కురిపించింటాడు. అప్పుడు నవ్వేటోళ్లు ఉండరు, ఏడ్చేటోళ్లే."

* * *

మర్నాడు మొదటి బస్సుకే భారతి వచ్చింది. ప్రశ్న తీసేసింది. "మరి మర్చిపోయినోళ్ల గతేం పెదనాయనా?"

దానికి జవాబు ఆయన బస్సులో వస్తూనే ఆలోచించి పెట్టుకున్నాడు. ఈడ అందరికీ అందరి సంగతులూ తెలుసు. తెలిసిన సంగతి తాళానికి పనికిరాదు. కానీ సంగతులు తెలిసినట్టే మొహాలూ తెలుసు. మొహాన్ని ఎవరూ అరువు తెచ్చుకోలేరు.

"మర్చిపోయిన మనిషి సంతనాడు స్వయంగా ఈ సెంటరుకు రావాల. సంఘంలో ఇద్దురు, వేరే ఊర్లోళ్లు, ఎదురుగా కూర్చుని, ఈయన ఫలానా మనిషే అని వాళ్ల వాళ్ల పాస్‌వర్డు కొట్టాల. ఇద్దురూ కొడితేనే కొత్తది పెట్టుకునే వీలు. అయితాదా పాపా?"

"అయితాది. మార్చే హక్కు ఎవురికియ్యాల అనేది దాంట్లో మనమే పెట్టుకోవచ్చు." భారతి అప్పటికే పని మొదలుపెట్టింది. అది ముగిశాక, ఎర్రిస్వామీ ఇంకో ఊరాయనా సాక్షులుగా శ్రీరంగప్పే మొదట కొత్త మాట పెట్టుకుని, తన ఊరి గడిలో సున్నా వేశాడు. భారతి తెర చూస్తూ ఒకచోట ఆగింది. "పెదనాయనా, ఆ నూటపది సున్నా అయింది. కానీ ఎవురు వేసినారు, ఎప్పుడు మార్చినారు అనేది కింద చిన్నక్షరాల్లో ఉంటాది. ఆఫీసరు చూడకుండా అది గూడా లేకుండా చెయ్యమంటారా?"

ఎర్రిస్వామి వెంటనే చెయ్యమన్నాడు. శ్రీరంగప్పకూ నాలుక చివర్న అదే ఉంది. బస్సు తెప్పించినప్పట్నుంచీ ఇంతవరకు తన పేరు కింద ఒక్క పిచ్చి లెక్క లేదు. కానీ తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. చెరిపేస్తే, చెరిపే వీలుందని తేలిపోతాది."

* * *

ఆఫీసరు వచ్చి జోయల్ ఇచ్చిన కుర్చీలో కూర్చున్నాడు. ముందు భారతిని అడిగాడు.

"ఈయన పాస్‌వర్డు ఏమిటమ్మా?"

"నాకు తెలియదు సార్. తెలుసుకోలేను కూడా."

"చేసింది మీరే కదా?"

"వెబ్‌సైటు నాది సార్. ఆ తలుపు నాది కాదు. నాది కాదు కాబట్టే గట్టిది."

శ్రీరంగప్ప ఆ పిల్ల వైపు కూతురిని చూసినట్టు చూశాడు. ఆఫీసరు తల ఊపి, ఒక్కో ఊరూ చూసుకుంటూ పోయాడు. ఎర్రబోడుపల్లి దగ్గర ఆగాడు. కిందున్న చిన్నక్షరాల మీదికి వంగాడు.

"నూటపదా? ఈ ఎండల్లో?"

శ్రీరంగప్ప లేచి నిలబడ్డాడు.

"సార్, నేను ఊరికి బస్సు తెప్పించినోడ్ని..."

"అన్నా," అని ఎర్రిస్వామి పంచె లాగాడు. "బస్సు తర్వాత. వాన ముందు."

శ్రీరంగప్ప వాన సంగతే చెప్పాడు. ప్రశ్న తానే ఏరి అందరికీ పెట్టించిన సంగతి, మేనరికం, మామిళ్ల ఇల్లు, నూటపది, అన్నీ. ఏదీ దాచలేదు. మధ్యలో బయమ్మ లేచి, "నేనే సార్, నేనే కురిపించినా" అంది, బహుమతి తీసుకోవడానికి పిలిచినట్టు.

ఆఫీసరు ముందు పెదవి బిగబట్టుకున్నాడు. తర్వాత ఆపుకోలేక నవ్వేశాడు. కళ్లు తుడుచుకుని, "ఏదీ అమ్మా, ఇప్పుడొకసారి కురిపించు చూస్తాను" అని కుర్చీ ఖాళీ చేసిచ్చాడు.

బయమ్మ కూర్చుంది. బావ పేరు కొట్టింది. మర్చిపోయినా అని ఒత్తింది. ప్రశ్న రాలేదు. సంతనాడు మనిషే రావాలని, ఇద్దరు సాక్షులు కావాలని తెలుగులో రాసి వచ్చింది. అటు ఒత్తింది, ఇటు ఒత్తింది. మామిళ్ల అని ఎక్కడ రాయాలో వెతికింది. రాసే గడే లేదు.

"ఇంగ నాకు సందు ల్యా సార్," అంది చేతులు దులుపుకుంటూ. "మా బావ గట్టోడయిపోయినాడు."

ఆఫీసరు లేచాడు. "పెద్దాయనా, ఆ చిన్నక్షరాలు లేకపోయుంటే నేను నమ్మేవాణ్ణి కాను. మీ డబ్బాల లెక్కే తీసుకోమని రాస్తాను" అన్నాడు. విత్తనాలు పడేలోపు కంపెనీ నుంచి కబురు కూడా వచ్చింది, ఊళ్ల లెక్కే లెక్క అని.

* * *

శ్రావణంలో, సరిగ్గా ఊడలు దిగే సమయానికి, గోరంట్ల మీద మళ్లీ మబ్బు విరిగింది. ఉరుములు ఎర్రబోడుపల్లిలో వినబడ్డాయి. గాలి చల్లగా వీచింది. పొద్దున శ్రీరంగప్ప డబ్బా మూత తీసి చూశాడు. అడుగున ఎర్రమట్టి దుమ్ము, ఒక చీమ.

తను తెప్పించిన బస్సులోనే గోరంట్లకు పోయాడు. వీధి నిండా నీళ్లు. పంచె ఎగగట్టుకుని, గుంటలు దాటుకుంటూ సెంటరుకు చేరి, తలుపు ముందు కూర్చుని తన మాట కొట్టాడు. తెరుచుకుంది. ఎర్రబోడుపల్లి ఎదురుగా సున్నా వేశాడు. వేసి, ఒక్కసారి వెనక్కి వాలి, ఆ సున్నాను తనివితీరా చూసుకున్నాడు. బయట చూరుల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఈసారి ఆ నీళ్లను ఎవరూ తెచ్చి తన చేను మీద పోయలేరు. మాడిన చేనును మాడినట్టే చూస్తారు.

పక్క కుర్చీలో బయమ్మ తన ఊరి సున్నా వేసుకుంటోంది.

"బావా, ఇంత దూరం వచ్చినాం. ఆ పాస్‌వర్డేందో చెవిలో చెప్పగూడదా? అక్కకు గూడా చెప్పనులే."

"చెప్పను."

"బస్సు గురించి ఉంటాది. ఒట్టు పెట్టి చెప్తాండా, బస్సు గురించే ఉంటాది."

శ్రీరంగప్ప తువాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. ఆ సాయంత్రం జోయల్‌ను పక్కకు పిలిచి, పాస్‌వర్డు మార్చుకోవడం ఎట్లాగో నేర్పించుకున్నాడు.